ఏడాదిన్నర బిడ్డతో, చర్చి స్నేహితులతో నీల్ ద్వీపానికి: లాంగ్ వీకెండ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో అండమాన్ మాట ఎత్తితే "ఇంకో మూడేళ్లు ఆగండి" అనే పెద్దవాళ్లే ఎక్కువ. ఆగక్కర్లేదు. అడుగులు వేయడం వచ్చిన పిల్లలకు కావలసింది లోతులేని నీళ్లు, మెత్తటి ఇసుక, అమ్మానాన్నలు అలసిపోయినప్పుడు ఎత్తుకునే ఇంకో రెండు చేతులు. ప్రతి ఆదివారం చర్చిలో చూసే అత్తలూ మామయ్యలే వెంట ఉంటే బిడ్డకు కొత్త కూడా ఉండదు. కాకపోతే బిడ్డ నిద్ర, ఆకలి ముందు చూసుకుని, ఆ మిగిలిన టైములోనే మిగతా ప్లాన్లన్నీ వేసుకోవాలి.

ముందు ద్వీపం తేల్చుకోండి, ఒక్కటే

ట్రావెల్ ఏజెంట్‌ను అడిగితే హావ్‌లాక్, నీల్, బారాటాంగ్, రాస్ అన్నీ కలిపి ఇస్తారు. పెళ్లయిన కొత్తలో అది బాగుంటుంది. బిడ్డతో వెళ్లేటప్పుడు ఒక ద్వీపం, ఒక గది, ఒక బీచ్ చాలు. పడవ ఎక్కి దిగినప్పుడల్లా ఒక పూట నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన బిడ్డ గ్రూపులో ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వదు.

నేనైతే నీల్ అంటాను. చిన్న ద్వీపం, ఏ బీచ్‌కైనా ఆటోలో కొద్ది నిమిషాలే. జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచ్‌లో నీళ్లు చాలా దూరం వరకు లోతు తక్కువ. ఇక్కడి ఊర్లు, బీచ్‌ల పేర్లలో చాలావరకు రామాయణంలోవే: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. 2018 డిసెంబరులో నీల్‌ను షహీద్ ద్వీప్ అని, హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద పాత పేరో కొత్త పేరో ఏదైనా ఉండొచ్చు, కంగారు పడకండి. భారతీయులకు నీల్ వెళ్లడానికి పర్మిట్ అవసరం లేదు.

తర్వాత రోజులు లెక్కపెట్టుకోండి

జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి వానలు, అలలు, పడవల రద్దులు. ఏప్రిల్‌లో ఎండ బిడ్డకు కష్టం, పైగా ఈస్టర్ ముందు వారాల్లో చర్చి వాళ్లకు తీరిక దొరకదు. అందుకే జనవరి చివర నాకు నచ్చిన సమయం. 2026లోలా రిపబ్లిక్ డే సోమవారం పడితే, శుక్రవారం, మంగళవారం సెలవు పెడితే సరిపోతుంది.

శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో పోర్ట్ బ్లెయిర్‌కు విమానం, అక్కడి నుంచి మధ్యాహ్నం పడవలో నీల్. శనివారం, ఆదివారం అక్కడే. సోమవారం పొద్దున వెనక్కి పోర్ట్ బ్లెయిర్, ఆ రాత్రి అక్కడే పడక. మంగళవారం విమానం. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండటం అనవసరమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాతావరణం బాగోక పడవ రద్దయితే విమానం మీకోసం ఆగదు. ఇన్ని రోజులు కుదరకపోతే ఈ ప్రయాణం ఇంకోసారికి పెట్టుకోవడమే మంచిది.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. రెండు రోజులకు పైగా సముద్రం మీదే గడుస్తుంది కాబట్టి వీకెండ్‌కి అది లెక్కలోకి రాదు.

డబ్బు మాట మొహమాటం లేకుండా మాట్లాడండి

చర్చి స్నేహితుల్లో అందరి ఆదాయం ఒకటి కాదు. "అందరం కలిసి వెళ్దాం బ్రదర్" అని గ్రూపులో రాసేసరికి, ఇబ్బంది ఉన్నా కాదనలేక తలూపేవాళ్లు ఉంటారు. కాబట్టి తేదీల కంటే ముందు ఒక్కో కుటుంబానికి అయ్యే ఖర్చు చెప్పండి. రాలేమని చెప్పాలనుకునేవాళ్లు విడిగా ఒకరికి చెబితే సరిపోవాలి, అందరిలో కారణాలు అడగొద్దు. సాయం చేయగలిగినవాళ్లు ఆ సాయం కూడా గుట్టుగానే చేయాలి. లెక్కలు ఒక్కరి చేతిలో పెట్టండి. నాలుగైదు కుటుంబాలు మించితే ఆటోలు, భోజనాలు, బిడ్డ నిద్ర ఏవీ కుదరవు.

ఇంకొకటి. పిల్లలు లేని దంపతులు, పెళ్లికాని తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ బిడ్డను చూసుకోవడానికి రావడం లేదు. ఎవరు ఏ పూట సాయపడతారో ముందే అడిగి రాసుకోండి. మిగతా టైములో వాళ్లను హాయిగా స్కూబాకో సైకిల్ తొక్కడానికో పంపించండి. ఇలా చేస్తే తిరిగొచ్చాక కూడా స్నేహం అలాగే ఉంటుంది.

టికెట్లు, కాగితాలు

రెండేళ్లు నిండని బిడ్డకు విమానంలో వేరే సీటు ఉండదు, ఒళ్లోనే కూర్చోబెట్టుకోవాలి. వయసు రుజువుకు జనన ధృవీకరణ పత్రం దగ్గర ఉంచుకోండి. పడవ టికెట్‌లో బిడ్డ పేరు, వయసు కూడా రాయించండి, పెద్దవాళ్లందరూ గుర్తింపు కార్డులు పెట్టుకోండి.

పడవల్లో ప్రభుత్వానివీ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. మక్రుజ్, నౌటికా లాంటి ప్రైవేటు పడవల్లో ఏసీ, సీటు ఉంటాయి, త్వరగా చేరుస్తాయి. ప్రభుత్వ పడవ చవక, కాస్త నిదానం. బిడ్డ ఉంటే ప్రైవేటుదే నయం. పడవ మధ్యలో, కింది అంతస్తులో సీట్లు అడగండి, కుదుపు తక్కువ. ఎక్కే ముందు కడుపు నిండా పాలు పట్టకండి, ఇడ్లీ ముక్కో అరటిపండో చాలు. రెండేళ్లలోపు పిల్లలకు పడవలో వాంతులు అరుదు, ఆపై వయసు వాళ్లకే ఆ బాధ ఎక్కువ. మందులేమైనా బయలుదేరకముందే పిల్లల డాక్టర్ని అడిగి తీసుకోవాలి. ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర వేయొద్దు. విమానం దిగేటప్పుడు పాలో నీళ్లో తాగిస్తే చెవుల నొప్పి తగ్గుతుంది.

సంచిలో ఏం పెట్టాలి

నీల్‌లో దుకాణాలు ఉన్నాయి గానీ మీ బిడ్డకు అలవాటైన బ్రాండు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి. డైపర్లు, పాలపొడి, జావ పిండి, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటర్, జ్వరం మందు ఇంటి నుంచే. పొడుగు చేతుల పల్చటి బట్టలు, మెడ కప్పే టోపీ, పిల్లల సన్‌స్క్రీన్, దోమల క్రీము కూడా. సాయంత్రం ఇసుకలో కంటికి కనిపించని ఈగలు కుడతాయి, దద్దుర్లు చాలా రోజులు దురద పెడతాయి. నగదు కూడా కాస్త ఉంచుకోండి.

తిండికి భయం లేదు. ఇక్కడ ఎక్కువమంది బెంగాలీలు కాబట్టి అన్నం, పప్పు, చేపల కూర ఎక్కడైనా దొరుకుతాయి. బిడ్డకు పప్పన్నం కారం లేకుండా విడిగా చేయమని అడిగితే చేస్తారు. చేప పెడితే ముల్లు మీరే స్వయంగా చేత్తో తడిమి చూడండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. మీ చర్చిలో ఎవరినైనా అడిగి చూడండి, శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలకు అక్కడ బంధువులు ఉండటం మామూలే.

నీళ్ల దగ్గర కాపలా: దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు

పదిమంది ఉన్న గ్రూపులో బిడ్డ భద్రంగా ఉంటుందని అనిపిస్తుంది. నీళ్ల దగ్గర నిజం దీనికి తిరగబడుతుంది. అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడరు. చిన్నపిల్లలు మునిగేటప్పుడు అరవరు, చేతులు ఊపరు, చప్పుడు లేకుండా మునుగుతారు. పాదం మునిగేంత నీళ్లైనా చాలు.

అందుకని కాపలా మనిషి పేరు పెట్టాలి. ఎర్ర టోపీ ఒకటి కొనండి. అది ఎవరి నెత్తిన ఉంటే ఆ ఇరవై నిమిషాలు బిడ్డ వాళ్ల బాధ్యత. ఫోన్ సంచిలో, ఫొటోలు వేరేవాళ్లు తీస్తారు, చేయి చాపితే బిడ్డ అందాలి. మార్చేటప్పుడు టోపీ చేతికిచ్చి "ఇప్పుడు నువ్వు చూస్తున్నావు" అని చెప్పాలి, అవతలివాళ్లు "చూస్తున్నా" అనాలి. పాస్టర్ గారైనా సరే, టోపీ పెట్టుకుంటే ఇదే రూలు. చేతులకు తొడిగే గాలి బుడగల్ని నమ్మకండి, అవి ఆట వస్తువులు. నప్పే సైజు లైఫ్ జాకెట్ తీసుకెళ్లండి.

పొద్దున పది దాటాక, మధ్యాహ్నం మూడు లోపు బిడ్డను ఎండలో ఉంచొద్దు. ఆటుపోట్ల టైము రిసార్ట్‌లో అడగండి, రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు తగ్గినప్పుడు భరత్‌పూర్‌లో పగడపు రాళ్లు బయటపడతాయి, కాళ్లు కోసుకుంటాయి, రబ్బరు చెప్పులు తప్పనిసరి. లక్ష్మణ్‌పూర్‌లోని సహజ రాతి వంతెన చూడాలంటే నీళ్లు తగ్గినప్పుడు జారే రాళ్ల మీద నడవాలి. బిడ్డను ఎత్తుకుని అక్కడికి వెళ్లొద్దు. సగం మంది వెళ్లి వచ్చాక మిగతా సగం వెళ్లండి. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్న చోట, లైఫ్‌గార్డు వద్దన్న చోట ఎవరూ దిగకండి. అద్దె స్కూటీలు పెద్దవాళ్లకే, బిడ్డతో ఆటోనే.

ఆదివారం ఆరాధన

అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. జనవరి చివర పొద్దున పావు తక్కువ ఆరుకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, సాయంత్రం ఐదుంబావు దాటగానే చీకటి పడటం మొదలవుతుంది. అందుకే ఆరాధన ఉదయం ఆరున్నరకు పెట్టుకోండి. సీతాపూర్ తూర్పు బీచ్, సూర్యోదయం అక్కడే. అలలు ఎక్కువ కాబట్టి అక్కడ స్నానాలు మాత్రం వద్దు.

గంట లోపు ముగించండి. మైకు, స్పీకరు వద్దు. ఆ తీరం ఊరివాళ్లది, మిగతా యాత్రికులది కూడా. ఒక కంజీర, చప్పట్లు చాలు, పాటలు అందరికీ కంఠతా వచ్చినవి ఎంచుకోండి. వాక్యం పది నిమిషాలు. బిడ్డ మధ్యలో లేచి ఇసుకలో పరిగెడితే పరిగెట్టనివ్వండి. ఎర్ర టోపీ ఉన్నవాళ్లు వెనకే వెళ్తారు, మిగతావాళ్లు పాడుతూనే ఉంటారు. చర్చిలో "ష్" అని ఆపే పిల్లలు దేవుడి సన్నిధిలో ఇలా స్వేచ్ఛగా ఉండటం చూస్తే నాకు ఎంతో సంతోషం. ప్రభు బల్ల ఉండాలా అన్నది పాస్టర్ గారితో ఊర్లోనే మాట్లాడుకోండి.

ఆరాధన తర్వాత టిఫిన్, బిడ్డకు నిద్ర. ఆ రెండు గంటలు గది దగ్గర ఒకరు ఉంటే తల్లిదండ్రులిద్దరూ కలిసి బీచ్‌కి వెళ్లొచ్చు. ఈ ట్రిప్‌లో వాళ్లకు మీరివ్వగల మంచి కానుక ఇదే.

తిరుగు ప్రయాణం

సోమవారం పొద్దున పడవకు ముందు గదంతా చూసి, వాడిన డైపర్లు విడిగా కట్టి రిసార్ట్ వాళ్లు చెప్పిన చోటే వేయండి. ఇసుకలో పూడ్చడం అసలు వద్దు. బిడ్డ ఏరుకున్న పగడపు ముక్కలు, గవ్వలు బీచ్‌లోనే వదిలేయించండి, పగడాలు తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. ఫొటోలు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు బిడ్డ అమ్మానాన్నలను అడగండి. లెక్కలు చూసే మనిషి మంగళవారం విమానం ఎక్కకముందే ఎవరికి ఎంత అనేది పంపేస్తే, ఆ వారంలోనే అందరూ ఇచ్చేసుకోవచ్చు.