ఒక ఫీడర్ పోతే రెండోది మోస్తుందా? ఏఐతో ముందే లెక్క తీయడం ఇలా

హైదరాబాద్‌లో 33/11 కేవీ (33 వేల వోల్టులను 11 వేలకు తగ్గించే) సబ్‌స్టేషన్లలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. గాలివాన వస్తోందంటే మాకు ఒకటే టెన్షన్: ఈ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్) ట్రిప్ అయితే, అంటే దానంతటదే ఆగిపోతే, లోడ్ పక్కదాని మీదికి మార్చొచ్చా, మారిస్తే అదీ పడిపోతుందా? ఏఐని ముందు ఈ ఒక్క ప్రశ్నకే వాడండి.

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినా దక్షిణ గ్రిడ్ నిలబడింది. అప్పటికి మనం వాటితో ఒకే ఫ్రీక్వెన్సీలో లేం. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో కలిశాం. అప్పటినుంచి అవతలి సాయమూ అందుతుంది, అవతలి దెబ్బా తగులుతుంది. రెండు ఫీడర్లను కలిపినా అంతే.

ఒకదానికొకటి సప్లయ్ ఇచ్చుకోగల రెండు ఫీడర్లు తీసుకోండి. పావుగంటకోసారి తీసిన ఆంపియర్ రీడింగులు కనీసం రెండు ఎండాకాలాలవి ఉండాలి. పక్కన ఉష్ణోగ్రత, తేమ, వాన, పండుగలు చేర్చండి. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) వేళ లోడ్ కోసం దానికి విడిగా ఒక కాలమ్ పెట్టండి.

ఎక్కువ సమయం మాత్రం లాగ్‌బుక్ మీదే పెట్టండి. మా మొదటి మోడల్ ఒక ఫీడర్‌కు ఆదివారం ఉదయం లోడ్ దాదాపు సున్నా అంది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. తీరా లాగ్‌బుక్ తిరగేస్తే నీలి ఇంకుతో ఆపరేటర్ చేతిరాత: "6.10కి ఎల్‌సీ ఇచ్చాం, లోడ్ రెండో ఫీడర్‌కు." ఎల్‌సీ అంటే లైన్ క్లియర్: లైన్ ఆపాం, పని చేసుకోవచ్చని సిబ్బందికిచ్చే అనుమతి. చెట్ల కొమ్మలు కొట్టడానికి ఆదివారాలు లైన్ ఆపేవాళ్లం. ఆ మార్పిడులన్నీ రిజిస్టర్లు చూసి డేటాలో గుర్తుపెట్టాకే అంచనా దారికొచ్చింది.

మోడల్ మామూలుదే చాలు, గ్రేడియంట్ బూస్టింగ్ (చిన్న చిన్న మోడళ్లను వరుసగా పేర్చి, ముందువాటి తప్పును తర్వాతది దిద్దే పద్ధతి) లాంటిది. పోయిన వారం ఇదే రోజు, ఇదే వేళ ఉన్న లోడ్‌నే అంచనాగా తీసుకుంటే వచ్చే తప్పుకన్నా దీని తప్పు తక్కువుండాలి. సగటు తప్పు చూసి సంతోషపడకండి, మే నెల రాత్రి పదింటి తప్పు చూడండి.

పై అంచు కూడా అడగండి, అంటే లోడ్ దాదాపుగా దాటని గరిష్ఠ అంచనా. మధ్య అంచనా ఒక ఫీడర్‌కు 120, రెండోదానికి 110 ఆంపియర్లు, కేబుల్ మోసేది 250 అనుకుందాం. సరిపోతుందనిపిస్తుంది. కానీ ఉక్కపోత రోజు రెండూ కలిసే పెరుగుతాయి. పై అంచులు 140, 130 అయితే మొత్తం 270. అప్పుడు లోడ్‌ను ఏ ఆర్‌ఎంయూ (లైన్లను కలిపే, విడదీసే స్విచ్‌ల పెట్టె) దగ్గర విడగొట్టాలో, ఆసుపత్రికీ నీటి పంపింగుకూ ముందు ఎలా ఇవ్వాలో రాసి పెట్టుకోవాలి. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చేది పంపులతోనే.

రిలేలను (లోపం వస్తే లైన్ ఆపమని సంకేతమిచ్చే పరికరాలను) మాత్రం మోడల్ చేతికివ్వకండి. ఎల్‌సీ తిరిగొచ్చిందని చూసుకుని స్విచ్ వేయాల్సింది మనిషే. స్తంభం మీద లైన్‌మన్ ఉన్నాడని మోడల్‌కు తెలియదు.

గాలివానలో నెట్ కూడా పోవచ్చు, సెల్ టవర్‌కూ కరెంటే కావాలి. అందుకే రోజూ సాయంత్రం ఐదింటికే ఆ రాత్రి అంచనాల పట్టిక ప్రింట్ తీసి ప్యానల్ పక్కన అంటిస్తాం.