పగలు నడిచే బిల్డ్ రాత్రి ఎందుకు ఫెయిల్ అవుతుంది? ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: సమస్య - పరిష్కారం

టెర్మినల్‌లో మీరే నడిపితే బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్యాకేజీగా మార్చే పని) చక్కగా పూర్తవుతుంది. అదే స్క్రిప్ట్‌ను రాత్రి 2 గంటలకు షెడ్యూలర్ నడిపితే పొద్దున్న వచ్చేసరికి ఫెయిల్ అయి ఉంటుంది. కోడ్ మారలేదు, మెషీన్ అదే, యూజర్ అకౌంట్ కూడా అదే. ఇలాంటప్పుడు కోడ్‌లో వెతకడం మొదలుపెట్టే ముందు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌కు బయటి నుంచి అందే పేరు-విలువ సెట్టింగులు) చూడండి.

ఏ ప్రాసెస్‌కైనా ఈ వేరియబుల్స్ దాన్ని మొదలుపెట్టిన పేరెంట్ ప్రాసెస్ నుంచి కాపీ అయి వస్తాయి. పగటి బిల్డ్‌కు పేరెంట్ మీ లాగిన్ షెల్. మీరు ఎన్నాళ్లుగానో చేర్చుకుంటూ వచ్చిన సెట్టింగులన్నీ అది ముందే చదివి ఉంటుంది. రాత్రి బిల్డ్‌కు పేరెంట్ క్రానో (టైమ్ ప్రకారం జాబ్‌లు నడిపే ప్రోగ్రామ్), సిస్టమ్‌డీయో (లైనక్స్‌లో సర్వీస్‌లను నడిపేది), జెంకిన్స్ ఏజెంటో (బిల్డ్ సర్వర్ తరఫున పని చేసేది) అవుతుంది. మీ సెట్టింగుల సంగతి వాటికి తెలియదు. కింద ఉన్న సమస్యల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

ముందు రెండు జాబితాలు పోల్చండి

ఊహించి ఒక్కో వేరియబుల్‌నూ మార్చి చూడటం వల్ల రాత్రులు వృథా అవుతాయి, అంతే. బిల్డ్ స్క్రిప్ట్ మొదటి లైన్‌లోనే ఎన్వ్ కమాండ్ ఇచ్చే జాబితాను సార్ట్ చేసి ఫైల్‌లో రాయించండి. ఒకసారి టెర్మినల్ నుంచి, ఒకసారి షెడ్యూలర్ నుంచి నడిపి రెండు ఫైళ్లకూ డిఫ్ (తేడాల జాబితా) తీయండి. ఇందుకోసం రాత్రి దాకా ఆగనక్కర్లేదు, జాబ్ టైమ్‌ను ఐదు నిమిషాల తర్వాతకు మార్చి చూడొచ్చు. ఇంకా త్వరగా తేలాలంటే, ఎన్వ్ కమాండ్‌కు మైనస్ ఐ ఆప్షన్ ఇస్తే ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో ప్రోగ్రామ్ మొదలవుతుంది. దానికి హోమ్, షెల్, చిన్న పాత్ (కమాండ్‌లను వెతికే డైరెక్టరీల జాబితా) మాత్రం ఇచ్చి స్క్రిప్ట్ నడిపితే రాత్రి వచ్చే ఎర్రర్ మీ కళ్లముందే వస్తుంది.

లైనక్స్‌లో ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌నైతే ప్రోక్ డైరెక్టరీలో దాని నంబర్ కింద ఉండే ఎన్విరాన్ ఫైల్‌లో చూడొచ్చు. అది ప్రాసెస్ మొదలైనప్పటి స్థితి. తర్వాత లోపల మారినవి సాధారణంగా అందులో కనిపించవు.

ఒక జాగ్రత్త. ఈ జాబితాలో పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు కూడా ఉంటాయి. ఆ ఫైల్‌ను మీరొక్కరే చదవగలిగేలా పర్మిషన్ పెట్టండి, పని అయ్యాక తీసేయండి. బిల్డ్ లాగ్‌లో మాత్రం దయచేసి ప్రింట్ చేయకండి. లాగ్‌లను మీరు అనుకున్నదానికంటే ఎక్కువ మంది చూస్తారు.

సమస్య: "కమాండ్ నాట్ ఫౌండ్", లేదా పాత వెర్షన్ టూల్ నడవడం

అన్నిటికంటే తరచుగా వచ్చేది ఇదే. చాలా లైనక్స్ సిస్టమ్‌లలో క్రాన్ ఇచ్చే పాత్ చాలా చిన్నది. యూఎస్‌ఆర్ బిన్, బిన్ డైరెక్టరీలు తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండవు. నోడ్, జావా, పైథాన్ వెర్షన్‌లు మార్చుకోవడానికి వాడే ఎన్‌వీఎం, ఎస్‌డీకేమ్యాన్, పైఎన్వ్ లాంటివి తమ దారులను షెల్ స్టార్టప్ ఫైళ్లలో రాసుకుంటాయి. క్రాన్ ఆ ఫైళ్లను చదవదు.

"అయితే స్క్రిప్ట్‌లోనే .బాష్‌ఆర్‌సీని (బాష్ షెల్ స్టార్టప్ ఫైల్) చదివిస్తే సరి" అని చాలామంది అనుకుంటారు. ఉబుంటులో వచ్చే .బాష్‌ఆర్‌సీ మొదట్లోనే ఒక చెక్ ఉంటుంది. షెల్ ఇంటరాక్టివ్ కాకపోతే అక్కడే వెనక్కి వెళ్లిపోతుంది. మీరు అడుగున రాసుకున్న లైన్ల దాకా అది రానే రాదు, ఎర్రర్ కూడా ఇవ్వదు.

పరిష్కారం: బిల్డ్‌కు కావలసిన పాత్, జావా హోమ్ వగైరాలను ఒక చిన్న ఫైల్‌లో రాసి, ఆ ఫైల్‌ను కోడ్‌తోపాటే గిట్‌లో పెట్టండి. రహస్యాలు మాత్రం అందులో వద్దు. బిల్డ్ స్క్రిప్ట్ ముందుగా దాన్నే చదవాలి, పగలు మీరు నడిపినా సరే. రెండు వేళలా ఒకే దారి వాడితే తేడా పుట్టే చోటు తగ్గుతుంది. క్రాన్‌టాబ్ (క్రాన్ జాబ్‌ల జాబితా ఫైల్) పైభాగంలో పాత్ రాయొచ్చు గానీ, అక్కడ డాలర్ గుర్తుతో పాత విలువను కలపాలని చూస్తే కలవదు. క్రాన్ ఆ గుర్తును విప్పకుండా అక్షరాలుగానే ఉంచేస్తుంది. పూర్తి దారులు రాయాల్సిందే.

టూల్ దొరక్కపోతే ఎర్రర్ అయినా వస్తుంది. వేరే వెర్షన్ దొరికితే బిల్డ్ పాస్ అయిపోతుంది, తప్పు కంపైలర్‌తో తయారైన ప్యాకేజీ బయటకు వెళ్తుంది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ రెండో రకమే. అందుకే కంపైలర్, రన్‌టైమ్ వెర్షన్‌లను బిల్డ్ మొదట్లో లాగ్‌లో ప్రింట్ చేయించడం అలవాటు చేసుకోవాలి.

సమస్య: "సోర్స్: నాట్ ఫౌండ్"

క్రాన్ మామూలుగా వాడే షెల్ ఎస్‌హెచ్. డెబియన్, ఉబుంటులలో ఆ పేరు వెనక ఉండేది బాష్ కాదు, డాష్. దానికి సోర్స్ కమాండ్ తెలియదు. సోర్స్ బదులు ఒక్క చుక్క పెడితే రెండు షెల్‌లలోనూ పనిచేస్తుంది. స్క్రిప్ట్‌లో బాష్ ప్రత్యేక సదుపాయాలు వాడి ఉంటే క్రాన్‌టాబ్‌లో షెల్ వేరియబుల్‌కు బాష్ దారి ఇవ్వండి.

సమస్య: క్రాన్‌టాబ్‌లో కమాండ్ సగంలో తెగిపోతోంది

లాగ్ ఫైల్ పేరులో తేదీ పెట్టడానికి శాతం గుర్తు వాడి ఉంటారు. క్రాన్‌కు శాతం గుర్తు అంటే కొత్త లైన్. మొదటి గుర్తు తర్వాత ఉన్నదంతా కమాండ్‌కు ఇన్‌పుట్‌గా వెళ్లిపోతుంది. ప్రతి గుర్తుకూ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా తేదీ పనిని స్క్రిప్ట్‌లోకి మార్చండి. రెండోదే నయం.

సమస్య: ఒక స్టెప్‌లో సెట్ చేసిన వేరియబుల్ తర్వాతి స్టెప్‌లో లేదు

జెంకిన్స్ పైప్‌లైన్‌లో ప్రతి ఎస్‌హెచ్ స్టెప్ కొత్త షెల్‌ను మొదలుపెడుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ సొంత బిల్డ్ సేవ) ప్రతి రన్ స్టెప్ కూడా అంతే. ఒక షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసినది ఆ షెల్‌తోనే పోతుంది. చైల్డ్ నుంచి పేరెంట్‌కు వేరియబుల్ ఎప్పుడూ వెనక్కి రాదు.

జెంకిన్స్‌లో అయితే ఎన్విరాన్‌మెంట్ బ్లాక్‌లో గానీ విత్‌ఎన్వ్ లోపల గానీ పెట్టండి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో గిట్‌హబ్ ఎన్వ్ అనే వేరియబుల్ ఒక ఫైల్ దారిని ఇస్తుంది. ఆ ఫైల్ చివర పేరు, విలువ చేర్చితే తర్వాతి స్టెప్‌ల నుంచి అందుతుంది. రాసిన స్టెప్‌లో మాత్రం ఇంకా కనిపించదు.

మధ్యలో సూడో (వేరే యూజర్‌గా కమాండ్ నడిపేది) ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. అది మామూలుగా ఎన్విరాన్‌మెంట్‌ను చాలావరకు తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది. ఎక్స్‌పోర్ట్ అనే మాటే రాయడం మరిచిపోయారేమో కూడా ఒకసారి చూడండి.

సమస్య: విలువ సరిగ్గానే ఉంది, అయినా లాగిన్ ఫెయిల్

ప్రింట్ చేస్తే టోకెన్ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది, సర్వర్ మాత్రం ఒప్పుకోదు. ఫైల్‌ను విండోస్‌లో ఎడిట్ చేసి ఉంటే ప్రతి లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరం విలువలో భాగమైపోతుంది. క్యాట్ కమాండ్‌కు పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూస్తే అది లైన్ చివర బయటపడుతుంది. డాస్‌టుయూనిక్స్‌తో శుభ్రం చేసి, ఆ ఫైల్‌కు ఎల్‌ఎఫ్ లైన్ ఎండింగ్ ఉండాలని గిట్ యాట్రిబ్యూట్స్‌లో రాసేయండి.

కోట్స్ ఇంకో మూలం. షెల్ కోట్స్‌ను తీసేసి విలువను తీసుకుంటుంది. డాకర్ రన్‌కు ఎన్వ్ ఫైల్ ఇచ్చినప్పుడు కోట్స్ కూడా విలువలో కలిసిపోతాయి. సిస్టమ్‌డీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌కు మరో నియమం ఉంది. కోట్స్ సరే గానీ, లైన్ ముందు ఎక్స్‌పోర్ట్ అని ఉంటే ఆ లైన్‌ను పక్కన పెట్టేస్తుంది, డాలర్ గుర్తులను విప్పదు. ఒకే ఫైల్‌ను మూడు చోట్లా వాడాలంటే ఖాళీలు, కోట్స్, ఎక్స్‌పోర్ట్ ఏవీ లేకుండా పేరు, సమానం గుర్తు, విలువ మాత్రమే రాయండి.

సమస్య: రాత్రి జాబ్‌లో మాత్రమే రహస్యం ఖాళీగా వస్తోంది

గిట్‌ల్యాబ్‌లో ప్రొటెక్టెడ్ అని గుర్తు పెట్టిన వేరియబుల్ ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌లకు, ట్యాగ్‌లకు మాత్రమే అందుతుంది. రాత్రి షెడ్యూల్ వేరే బ్రాంచ్ మీద ఉంటే ఖాళీ. షెడ్యూల్ ఏ బ్రాంచ్‌ను పట్టుకుందో ముందు చూడండి. గిట్‌హబ్‌లో షెడ్యూల్ వర్క్‌ఫ్లోలు డిఫాల్ట్ బ్రాంచ్ మీదే నడుస్తాయి కాబట్టి, మీ బ్రాంచ్‌లో చేసిన మార్పు మెర్జ్ అయ్యేదాకా రాత్రి బిల్డ్‌కు తెలియదు.

గిట్ క్లోన్ దగ్గర పబ్లిక్ కీ ఎర్రర్ వస్తుంటే సంగతి వేరు. పగలు మీ కీని ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ (కీలను దగ్గర ఉంచుకునే ప్రోగ్రామ్) అందిస్తోంది, దాని సాకెట్ దారి చెప్పే వేరియబుల్ క్రాన్‌కు లేదు. మీ సొంత కీని అక్కడికి లాక్కురాకండి. రిపోజిటరీని చదవడానికి మాత్రమే వీలున్న డిప్లాయ్ కీని విడిగా చేసి ఇవ్వండి.

సమస్య: బిల్డ్ పాస్, కానీ ఫలితం వేరు

కారణం ఎక్కువగా లోకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) లేదా టైమ్‌జోన్. లాంగ్ వేరియబుల్ లేకపోతే ప్రోగ్రామ్‌లు సీ లోకేల్‌లోకి వెళ్తాయి. సార్ట్ క్రమం మారుతుంది, తెలుగు లాంటి లిపులున్న ఫైళ్లు పాడవుతాయి. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది గానీ, అంతకుముందు వెర్షన్‌లు లోకేల్‌నే నమ్ముకుంటాయి. ఎల్‌సీ ఆల్ వేరియబుల్‌కు సీ.యూటీఎఫ్-8 విలువ స్పష్టంగా ఇవ్వండి.

అర్ధరాత్రికి దగ్గరగా నడిచే బిల్డ్‌లో సర్వర్ యూటీసీలో ఉంటే వెర్షన్‌లో పడే తేదీ ఒకరోజు తప్పుతుంది. టీజెడ్ వేరియబుల్‌ను స్క్రిప్ట్‌లోనే పెట్టి, తేదీని ఒక్కసారే తీసుకుని అన్ని స్టెప్‌లకూ అదే వాడండి.

సమస్య: విలువ మార్చినా పాతదే వస్తోంది

ఏజెంట్ ముందే నడుస్తోంది, పాత కాపీ దాని దగ్గరే ఉంది. సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి. సిస్టమ్‌డీ యూనిట్‌ను మార్చి ఉంటే అంతకుముందు డీమన్ రీలోడ్ కూడా చేయాలి. విండోస్‌లో సెట్‌ఎక్స్ ఇకపై మొదలయ్యే ప్రాసెస్‌లకే వర్తిస్తుంది, పైగా 1024 అక్షరాలు దాటిన విలువను కత్తిరిస్తుంది. పొడవైన పాత్‌కు దాన్ని వాడకండి.

ఖాళీ వేరియబుల్‌తో ముందుకు వెళ్లనివ్వకండి

షెల్ ఖాళీ వేరియబుల్‌ను తప్పుగా చూడదు, అక్కడ ఏమీ లేనట్టు ముందుకు పోతుంది. బిల్డ్ డైరెక్టరీ పేరు ఖాళీ అయి, ఆ వెనకే పాత ఫైళ్లను తుడిచే ఆర్‌ఎం లైన్ ఉంటే ఏం తుడుచుకుపోతుందో చెప్పలేం. స్క్రిప్ట్ పైన సెట్ మైనస్ యూ పెడితే అసలు నిర్వచించని వేరియబుల్ దగ్గర ఆగిపోతుంది. నిర్వచించి ఖాళీగా వదిలినదాన్ని అది పట్టుకోదు. దానికోసం బ్రేసుల లోపల వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం, ఆపై మీ సందేశం రాయండి. విలువ లేకపోయినా, ఖాళీ అయినా ఆ సందేశం చూపి స్క్రిప్ట్ ఆగుతుంది. తప్పనిసరి వేరియబుల్స్ అన్నిటికీ ఈ పరీక్ష కంపైల్ మొదలవక ముందే జరగాలి. చివరి అప్‌లోడ్ స్టెప్‌కు చేరాక టోకెన్ లేదని తెలిస్తే ఆ రాత్రి చేసిన బిల్డ్ మొత్తం మళ్లీ చేయాలి.