పాత సైనిక లారీలో గేరు జారుతోందా, రేసు అందడం లేదా?

వేలంలో కొన్న పాత సైనిక లారీ షెడ్డుకు వచ్చిందంటే యజమాని చెప్పేవి దాదాపు రెండే మాటలు: గేరు నిలవడం లేదు, రేసు (యాక్సిలరేటర్) అందడం లేదు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ అయినా, మరో డీజిల్ బండి అయినా ఇదే వరస. వెంటనే గేర్‌బాక్సు దించమంటారు, లేదా ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు విప్పి సర్వీసుకు పంపమంటారు. అవి చివర చేయాల్సిన పనులు.

రేసు అందకపోతే

ఇంజిన్ ఆపి, ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కించండి. పంపు లివర్ చివరి స్టాపు స్క్రూకు తాకుతోందా? ఈ అర నిమిషం పని చేయకుండా పంపు విప్పే వాళ్లను చూసి విసిగిపోయాను. తాకకపోతే ముందు పెడల్ కింద చెయ్యి పెట్టండి. మడతపడిన మ్యాటో, గట్టిపడిన మట్టో, బేతంచెర్ల క్వారీ నుంచి వచ్చిన బండి అయితే గుప్పెడు రాతిపొడో దొరుకుతుంది. అవేవీ లేకపోతే పెడల్ నుంచి పంపుకు వెళ్లే కడ్డీ కీళ్లు చూడండి. పంపు మీద సీలు వేసిన స్క్రూను మాత్రం ముట్టుకోవద్దు.

గేరు జారితే

లివర్ నుంచి బాక్సుకు కడ్డీలు వెళ్లే బండ్లలో కడ్డీని బాక్సు దగ్గర విప్పి, అక్కడి చిన్న లివర్‌ను చేత్తోనే కదపండి. ప్రతి గేరూ టక్కుమని పూర్తిగా పడుతుంటే అనుమానం కడ్డీల మీదికే వెళ్లాలి. లివర్ నేరుగా బాక్సు మీదే ఉన్న బండ్లలో ఈ పరీక్ష ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) కడ్డీలకే పనికొస్తుంది.

ఒక్కో కీలులో అర మిల్లీమీటరు వదులు ఉన్నా, అయిదు కీళ్లు కలిస్తే రెండున్నర మిల్లీమీటర్లు. క్వారీ దుమ్ము గ్రీజుతో కలిస్తే సానపట్టే ముద్దే అవుతుంది కాబట్టి అరుగుదల తప్పదు. కోడిగుడ్డులా సాగిన రంధ్రంలో కొత్త పిన్ను వేస్తే డబ్బు దండగ. లేత్ షాపులో రంధ్రాన్ని గుండ్రంగా పెద్దది చేయించి గన్‌మెటల్ (కంచు లాంటి లోహం) బుష్, అంటే లోపలి గొట్టం తొడుగు, వేయించండి.

ఇవన్నీ చేశాక కూడా గేరు జారుతుంటే

అసలు దొంగ ఇక్కడ దాక్కుంటాడు: ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు, అంటే ఇంజిన్‌ను ఛాసిస్ మీద మోసే రబ్బరు దిమ్మలు. కడ్డీలతో నడిచే బండ్లలో గేరు లివర్, పెడల్ క్యాబిన్‌కు బిగించి ఉంటాయి. బాక్సు, పంపు ఇంజిన్‌తో పాటు రబ్బర్ల మీద కూర్చుంటాయి. రబ్బరు చీలితే లోడు పడగానే ఇంజిన్ ఒక పక్కకు లేస్తుంది, కడ్డీ దానంతటదే లాగబడుతుంది. కాలు కదపకుండానే రేసు పెరిగి తగ్గి బండి కుదుపుతుంది. సగమే పడిన గేరు, ఘాట్ దిగేటప్పుడు కాలు తీయగానే బయటికి జారుతుంది. రేసు ఫిర్యాదు, గేరు ఫిర్యాదు కలిసి వచ్చాయంటే నేను నేరుగా ఫౌండేషన్ దగ్గరికే వెళతాను.

చిక్కేమిటంటే, బండి ఆగి ఉంటే ఇంజిన్ బరువుకు ఆ చీలిక మూసుకుపోతుంది. టార్చి వేసి చూస్తే రబ్బరు నిక్షేపంగా కనిపిస్తుంది. చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, డ్రైవరును బ్రేకు తొక్కి పట్టుకోమనండి. మొదటి గేరులో క్లచ్ పట్టీపట్టనంత మాత్రమే వదలాలి. ఆ తర్వాత రివర్సులో అలాగే చేయాలి. మీరు పక్కన నిలబడి చూడండి. బండి ముందు, వెనుక ఎవరూ ఉండకూడదు. ఇంజిన్ కొద్దిగా ఒరగడం మామూలే. ఒక పక్క బ్రాకెట్టుకూ రబ్బరుకూ మధ్య వెలుతురు కనిపించిందంటే దొంగ దొరికినట్టే.

నూనె కారి మెత్తబడిన రబ్బరు చీలదు, కుంగుతుంది. ఆ కుంగుడుకు తగ్గట్టు ఎవరో ఒకరు కడ్డీ పొడవు మార్చేసి ఉంటారు. తర్వాత కొత్త రబ్బర్లు వేయగానే ఐడ్లింగ్ (కాలు తీసినప్పటి ఇంజిన్ వేగం) పెరిగి కూర్చుంటుంది. అందుకే ముందు రబ్బర్లు, తర్వాత బుష్‌లు, చివర కడ్డీ పొడవు. రబ్బర్లను జతగానే మార్చండి.

పొడవు సరిచేయడం

బాక్సును న్యూట్రల్‌లో పెట్టి, లివర్‌ను మధ్యలో నిలిపి, పిన్ను సుత్తి దెబ్బ లేకుండా దూరేదాకా కడ్డీని తిప్పండి. ప్రతి గేరులోనూ లివర్ ఫ్లోరు అంచుకో సీటుకో తగలకూడదు. లివర్ మొదట్లోని కొత్త రబ్బరు తొడుగు బిగుసుగా ఉండి లివర్‌ను వెనక్కి లాగుతుంటే ఒకసారి తొడుగు ఎత్తి చూడండి.

రేసు కడ్డీ విషయానికి వస్తే, పంపు లివర్ స్టాపుకు తాకేసరికి పెడల్ కూడా ఫ్లోరు స్టాపు మీద ఆగాలి. లేకపోతే డ్రైవరు కాలి బలమంతా పంపు మీదే పడుతుంది. రిటర్న్ స్ప్రింగు పంపు లివర్‌కే ఉండాలి. పెడల్ దగ్గర మాత్రమే ఉంటే, కడ్డీ ఊడిన రోజు ఇంజిన్ ఐడ్లింగ్‌కు రాదు.

బాక్సు లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కు వంగడం, గేరును పట్టి ఉంచే బాల్ స్ప్రింగు విరగడం, ఫ్లోరు బ్రాకెట్టు పగలడం అరుదు. పై పనులన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

లాక్ నట్లు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు వేసి, ఖాళీ బండిని చిన్న దిగుడులో నడిపి చూడండి. కాలు తీసినప్పుడు లివర్ కదలకపోతేనే గువ్వలచెరువు ఘాట్‌కు లోడుతో పంపండి.