పెన్‌డ్రైవ్ మొరాయిస్తే: ముందు ఇమేజ్, తర్వాతే మరమ్మతు

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు మాయమై షార్ట్‌కట్‌లే కనబడుతున్నాయా? వాడిన స్థలం తగ్గకపోతే డేటా పోలేదు, వైరస్ దాచిందంతే. దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు రెండూ కనబడేలా విండోస్‌లో సెట్టింగ్ మార్చి కాపీ చేసుకోండి. షార్ట్‌కట్‌లు మాత్రం నొక్కకండి.

ఫార్మాట్ చేయమని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. విండోస్‌లో డిస్క్ లోపాలు దిద్దే చెక్‌డిస్క్ కూడా వద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే క్రమంలో మీ ఫైళ్ల జాడలను చెరిపేయొచ్చు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో డ్రైవ్ మొత్తానికీ ఇమేజ్ (ఒకే ఫైల్‌గా పూర్తి నకలు) తీయండి. 32 జీబీ డ్రైవ్‌లో 2 జీబీయే వాడినా ఇమేజ్‌కి 32 జీబీ చోటు కావాలి. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగుతుంది. పార్టిషన్ (డ్రైవ్‌లో ఫైళ్లుండే విభాగం) పోతే ఆ ఇమేజ్ మీద దాన్ని వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్, అదీ కుదరకపోతే ఫైళ్లను నేరుగా వెలికితీసే ఫోటోరెక్ నడపండి. ఫోటోరెక్‌తో ఫైళ్ల పాత పేర్లు రావు, పెళ్లి ఫోటోలైతే ఓపిగ్గా వెతుక్కోవాల్సిందే.

కదిపినప్పుడల్లా వచ్చిపోతుంటే కనెక్టర్ టంకం విరిగినట్టే. కేసు విప్పి, మల్టీమీటర్‌తో ప్రతి పిన్ నుంచి బోర్డు దాకా కంటిన్యుటీ (దారి తెగలేదని) చూడండి. ప్యాడ్ (బోర్డు మీద టంకం పెట్టే రాగి బిళ్ల) ఊడిపోతే పాత యూఎస్‌బీ కేబుల్ కోసి నాలుగు వైర్లు అతకండి: ఎరుపు 5 వోల్టులు, తెలుపు డేటా మైనస్, ఆకుపచ్చ డేటా ప్లస్, నలుపు గ్రౌండ్. చవక కేబుళ్లలో రంగులు తారుమారవుతాయి, మీటర్‌తో నిర్ధారించుకోండి. ఎరుపు, నలుపు తిరగబడితే డ్రైవ్‌ను నడిపే చిప్, అంటే కంట్రోలర్, కాలిపోవచ్చు. టంకం బాగా అంటుకునేందుకు ఫ్లక్స్ రాసి, 330 నుంచి 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో ముగించండి. ఎక్కువసేపు ఉంచితే ప్యాడ్ లేచిపోతుంది. యూఎస్‌బీ 3 డ్రైవ్‌కీ సాధారణంగా ఈ నాలుగే చాలు, నెమ్మదిగా చదువుతుంది. కంప్యూటర్‌కు పెట్టేముందు 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ షార్ట్ లేదని చూడాలి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పటిలా డ్రైవ్ బురదనీళ్లలో నానితే, ఆరిందనుకుని వెంటనే పెట్టకండి. తడి బోర్డుకు కరెంటు తగిలితే రాగి గీతలను తుప్పు తినేస్తుంది. బియ్యం డబ్బాతో బురద పోదు. కేసు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పట్టి కడిగి, ఒకరోజు ఫ్యాన్ కింద ఉంచండి.

పేరు కనబడి సైజు సున్నా అంటే చాలావరకు కంట్రోలర్ సమస్యే. రికవరీ సాఫ్ట్‌వేర్ కొన్నా దండగ. గవర్నర్‌పేటలోనో అరండల్‌పేటలోనో షాపులో ఇచ్చేముందు "డ్రైవ్ బాగుచేస్తారా, డేటా తీస్తారా?" అని అడగండి. డ్రైవ్‌ను బతికించే ఫ్యాక్టరీ టూళ్లు లోపలి డేటాను తుడిచేస్తాయి.