ఎయిర్ రైఫిల్ బ్యారెల్‌కు ఇంట్లోనే పాలిషింగ్ తాడు చేసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క 0.5 మిల్లీమీటర్లే. అంత చిన్న గురికి, బ్యారెల్‌లో (తుపాకీ గొట్టంలో) పెల్లెట్లనే సీసపు గుండ్ల నుంచి పేరుకున్న సీసం పెద్ద టెన్షనే. అలాగని ఇనుప చువ్వకు గుడ్డ చుట్టి లోపల పొడవకండి. మురికి తుడిస్తే పోతుంది, గీత పడితే పోదు.

గడ్డి కోసే మిషన్‌కు వేసే నైలాన్ వైరు 1.6 మిల్లీమీటర్లది తీసుకోండి. లావుపాటి గాలం దారమైనా సరే. బ్యారెల్ పొడవుకు మూడింతలు కత్తిరించి, సగానికి మడవండి. మడత దగ్గర ఏర్పడే ఉచ్చే మన పనిముట్టు.

ముందు లోపల పెల్లెట్ లేదని చూసుకోండి. బ్యారెల్ వంచి తెరిచే రైఫిల్ అయితే, స్ప్రింగ్ బిగుసుకోకుండా కొద్దిగానే తెరవండి. ట్రిగ్గర్ జోలికి వెళ్లొద్దు.

వైరు రెండు కొసలనూ పెల్లెట్ పెట్టే వైపు నుంచి దూర్చి, మూతి వైపు బయటికి తీయండి. పాత కాటన్ బనియను ముక్క ఉచ్చులో పెట్టి నెమ్మదిగా లాగండి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం కదా, రెండు అంగుళాల ముక్క కూడా ఇరుక్కుంటుంది. అంగుళం ముక్కతో మొదలుపెట్టండి. వేళ్ల బలంతోనే రావాలి. బిగుసుకుంటే గుడ్డ తగ్గించండి, బలం పెంచకండి. లాగేటప్పుడు వైరు మూతి అంచుకు రాసుకోకుండా తిన్నగా పట్టుకోండి. పెల్లెట్ చివరిగా తాకేది ఆ అంచునే. అది అరిగితే గురి తప్పుతుంది.

గుడ్డ తెల్లగా వచ్చేదాకా ముక్కలు మార్చండి. లోపల ఇంకా గరుగ్గా తగిలితేనే మెత్తటి మెటల్ పాలిష్ కాస్త రాసి, నాలుగైదుసార్లు లాగి ఆపేయండి. అరిగిన లోహం తిరిగి రాదు. పోటీలకు వాడే బ్యారెల్‌కైతే పాలిష్ అసలు వద్దు.

పాలిష్ మిగలకుండా తుడిచి, చుక్క గన్ ఆయిల్ వేసిన గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి లాగండి. స్ప్రింగ్ రైఫిల్‌లో నూనె మిగిలితే, గాలి నొక్కుకుపోయి పుట్టే వేడికి అది అంటుకుంటుంది. సీసం విషం కాబట్టి గుడ్డలు పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

తర్వాత మొదటి కొన్ని పెల్లెట్లు ఒకచోట పడకపోయినా కంగారు పడొద్దు. లోపల పల్చటి సీసం పొర మళ్లీ పట్టేదాకా అంతే.