కొండచరియ కట్టిన సరస్సు: బడిలో నమూనా చేసే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పిల్లలకు చెరువు కట్ట కొత్త కాదు. తూము, అలుగు ఎందుకో వాళ్లే చెప్తారు. హిమాలయాల్లో, పామీర్ కొండల్లో చరియ విరిగి నదికి అడ్డం పడితే అక్కడా కట్ట లేస్తుంది. దానికి తూమూ అలుగూ ఉండవు, మట్టి గట్టిపడి ఉండదు. ఆ తేడా ఈ నమూనాలో కళ్లకు కనిపిస్తుంది.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అరడుగు లోతున్న రేకు ట్రే తీసుకోండి. దిగువ చివరి గోడ తీసేసి, అక్కడ టబ్బు పెట్టండి. ఎగువ చివర కింద ఒక ఇటుకను పడుకోబెడితే వాలు చాలు.

లీటరు మగ్గుతో మూడు మగ్గుల మొరం, ఒకటి ఇసుక, ఒకటి సన్న కంకర పొడిగానే కలపండి. ఎగువ నుంచి రెండడుగుల దూరంలో ఒక పక్క నుంచి గుమ్మరించి, నాలుగంగుళాల ఎత్తు, అడుగున అడుగు వెడల్పు ఉండేలా సర్దండి. నడుమ అరంగుళం తగ్గు ఉంచండి. తడిపి దిమ్మిస కొట్టొద్దు, కొడితే అది మన చెరువు కట్టే అవుతుంది. మట్టి రేకును తాకే చోట తడి రేగడి మెత్తండి. లేకుంటే నీళ్లు ఆ సందులోంచే జారిపోతాయి.

నీళ్లు ఎగువ మూలన గుడ్డ మీద, అర నిమిషానికో లీటరు చొప్పున పోయండి. ఎత్తు నుంచి పోస్తే కట్ట ముందే కోసుకుపోతుంది. సుమారు పది లీటర్లకు నిండుతుంది.

ఇక కట్ట దిగువ పాదం మీదే కన్నుండాలి. తేట ఊట వస్తే ఫర్వాలేదు. బురద నీళ్లొస్తే లోపలి మట్టి కదులుతోంది, బుంగ పడబోతోందన్నమాట. నీళ్లు తగ్గు మీంచి పొర్లాక కోత దిగువ వాలు మీద మొదలై మెట్లుమెట్లుగా వెనక్కి జరుగుతుంది. అది కట్ట తలను తాకగానే గండి లోతవుతుంది, ప్రవాహం పెరుగుతుంది, పెరిగిన ప్రవాహం ఇంకా కోస్తుంది. సరస్సు క్షణాల్లో ఖాళీ. ఈ ఘట్టాన్ని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయండి, మామూలుగా చూస్తే అందదు.

ఉత్తరాఖండ్ కొండల్లోని గఢ్వాల్‌లో 1893లో బిరహి గంగకు అడ్డంగా చరియ పడి గోహ్నా సరస్సు ఏర్పడింది. 1894 ఆగస్టులో నీళ్లు పొర్లి కట్ట తెగింది. కిందికి టెలిగ్రాఫ్ తీగ ముందే వేసి ఊళ్లను ఖాళీ చేయించడంతో చాలా ప్రాణాలు నిలిచాయి.

రెండోసారి మొరం తగ్గించి పిడికెడంత రాళ్లు కలపండి. ఊట ఎక్కువైనా కట్ట నిలవొచ్చు. తజికిస్తాన్‌లో 1911 భూకంపంతో పుట్టిన సారెజ్ సరస్సు సముద్ర మట్టానికి 3,200 మీటర్ల పైన ఉంది. 500 మీటర్ల ఎత్తు దాటిన దాని కట్ట మీంచి నీళ్లు ఇంతవరకు పొర్లలేదు, రాళ్ల సందుల్లోంచే ఊరుతున్నాయి.

ఒట్టి ఇసుకతో మాత్రం చేయొద్దు. నిండకముందే నాని కూలుతుంది, పొర్లడం చూపించలేరు.