యాక్సిలరేటర్ తొక్కగానే కారు కూత పెడుతుంటే: కారణం పట్టుకోవడం, సరిచేయడం

విశాఖపట్నంలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వేగం అందుకునేటప్పుడు బానెట్ లోపలినుంచో కాళ్ల కిందినుంచో సన్నని కూత మొదలవుతుంది. తొక్కిన కొద్దీ పెరుగుతుంది, కాలు తీస్తే తగ్గుతుంది. ఈ ఒక్క లక్షణానికి అరడజను కారణాలుంటాయి. కాస్త నూనె పోస్తే పోయేది ఉంది, గేర్‌బాక్స్ దించితే తప్ప పోనిది కూడా ఉంది. కాబట్టి ఎవరో చెప్పారని బేరింగో బెల్టో కొనేయకండి. ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: ఆ కూత ఇంజన్ వేగాన్ని బట్టి మారుతోందా, చక్రాల వేగాన్ని బట్టి మారుతోందా?

మొదట మ్యూజిక్ సిస్టమ్ ఆపండి. కూత కూడా ఆగిపోతే అది స్పీకర్లలోంచి వస్తున్నదే. ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటులోని అలజడి ఎర్త్ వైరు సరిగా లేనప్పుడు స్పీకర్లలోకి చేరి, ఇంజన్‌తో పాటు పైకి లేస్తుంది. బీచ్ రోడ్డు పక్కన, భీమిలి దారిలో ఆరుబయట నిలిపే కార్ల ఎర్త్ పాయింట్లను ఉప్పు గాలి తొందరగా తినేస్తుంది. ఆ బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి. అప్పటికీ పోకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను పరీక్ష చేయించాలి.

నిలబెట్టి ఒకసారి, నడుపుతూ ఒకసారి

చదునైన చోట హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం దాకా లేపండి. కూత వినిపిస్తే కారణం ఎక్కువగా ఇంజన్ ముందుభాగంలోనే ఉంటుంది: బెల్టు, పుల్లీలు (బెల్టు తిరిగే చక్రాలు), ఆల్టర్నేటర్, స్టీరింగ్ పంపు. వినిపించకపోతే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో కాసేపు, అదే వేగంలో నాలుగో గేరులో కాసేపు నడపండి. గేరు మారినప్పుడు శ్రుతి కూడా మారితే ఇంజన్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) లేదా గేర్‌బాక్స్ వైపు చూడాలి. ఏ మార్పూ లేకపోతే చక్రాల బేరింగ్, టైరు లేదా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె).

నిలబడి ఉన్నా కూత వస్తుంటే

హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి మళ్లీ ఇంజన్ లేపండి. కరెంటు భారం పెరిగేసరికి కూత కూడా పెరిగితే ఆల్టర్నేటర్‌నే అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉంటుంది. అది సరిగానే ఉండి కూత మాత్రం వస్తుంటే బేరింగ్ అరిగి ఉంటుంది. చాలా రకాలకు బేరింగ్ మాత్రమే మార్చవచ్చు, మొత్తం ఆల్టర్నేటర్ కొనవలసిన పని లేదు.

బెల్టు చేసేది కూత కన్నా కీచుశబ్దం. నడుస్తున్న బెల్టుకు గాడులున్న వైపు కాసిన్ని నీళ్లు దూరం నుంచి చిలకరించి చూడండి. శబ్దం ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉంది. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, జుట్టు దాని దరిదాపులకు రానివ్వకండి.

ఇంజన్ ఆపి, బెల్టు తీసేసి, ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పండి. మంచి బేరింగ్ నున్నగా, నిశ్శబ్దంగా తిరుగుతుంది. పాడైనదాంట్లో వేళ్లకు ఇసుక తగిలినట్టుంటుంది. గరగరమన్న దాన్ని మాత్రమే మార్చండి.

స్టీరింగ్ తిప్పినప్పుడు కూత ఎక్కువైతే పవర్ స్టీరింగ్ నూనె డబ్బా చూడండి. ఈ సమస్య బొలెరో లాంటి నూనెతో పనిచేసే స్టీరింగ్ ఉన్న బళ్లకే. నేటి చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే కాబట్టి ఆ డబ్బా ఉండదు. నూనె తగ్గితే పోయండి, కానీ అది ఎక్కడినుంచి కారుతోందో కనిపెట్టకుండా వదలకండి. నురగ కనిపిస్తే పైపు బిగింపుల దగ్గర గాలి లోపలికి వెళుతోంది.

నడిచేటప్పుడు మాత్రమే వస్తుంటే

సింహాచలం ఘాట్ రోడ్డు దీనికి మంచి పరీక్ష. ఎక్కేటప్పుడు కూత పెట్టి, దిగేటప్పుడు కాలు తీయగానే మాయమయ్యేది గేర్లలోదో టర్బోదో అయి ఉంటుంది.

డీజిల్ టర్బో సన్నగా ఈల వేయడం సహజం. ఆ ఈల సైరన్‌లా మారి, పికప్ తగ్గి, నల్ల పొగ వస్తుంటే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లబరిచేది) గొట్టాలు చూడండి. చీలిక ఉన్నచోట నూనె చెమ్మ పట్టి ఉంటుంది. గొట్టం మారిస్తే సరిపోయే పనికి టర్బో మార్పించుకోవద్దు. నీలి పొగ కూడా ఉంటే టర్బో షాఫ్టు వదులై ఊగుతోందేమో చూపించాలి.

గేర్‌బాక్స్ కూత ఒకే గేరులో వస్తే ఆ గేరు పళ్లు అరిగాయి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే వచ్చి, తొక్కితే పోయేది ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్. తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్. ఏదైనా ముందు గేర్ ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ దించినప్పుడు ప్లగ్గుకు అంటిన పొడిని వేళ్ల మధ్య నలపండి: మెత్తని బూడిదరంగు ముద్ద మామూలే, మెరిసే రజను గుచ్చుకుంటే మాత్రం బాక్స్ విప్పక తప్పదు. రివర్స్ గేరు కూతకు భయపడకండి, దాని పళ్లు చాలా కార్లలో నేరుగా కోసి ఉంటాయి కాబట్టి అలాగే మోగుతుంది.

వెనక చక్రాలతో నడిచే బండిలో తొక్కితే ఒక శ్రుతి, వదిలితే మరో శ్రుతి వస్తే డిఫరెన్షియల్‌లో ఆయిల్ చూపించి, ఆపైనే క్రౌన్ పినియన్ (దాని లోపలి పళ్ల చక్రాల జత) సంగతి తేల్చుకోండి.

చక్రం బేరింగ్‌ది కూత కన్నా హోరు. మలుపులో ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడివైపు బేరింగ్‌నే ముందు అనుమానించాలి, ఎందుకంటే బరువు అటు పడుతుంది. వానల్లో జ్ఞానాపురం వంతెన కింద నిలిచిన నీళ్లలో నడిచిన కార్లకు, సీలు పాతబడి ఉంటే, ఇది తొందరగా వస్తుంది. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డుకు మారగానే శబ్దం మారిందా? అయితే అది టైరే. నొక్కి కూర్చోబెట్టే రకం బేరింగ్‌ను ప్రెస్ యంత్రం మీదే ఎక్కించాలి, సుత్తితో కొట్టి కూర్చోబెట్టే చోట ఆ పని చేయించకండి.

గాజువాక ఆటోనగర్‌కు వెళ్లినా, ఇంటి దగ్గరి మెకానిక్‌కు చూపినా, 'శబ్దం వస్తోంది' అని ఊరుకోకుండా ఏ వేగంలో, ఏ గేరులో, ఎటు తిరిగితే వస్తోందో చెప్పండి. వీలైతే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. కూతతో పాటు బ్యాటరీ దీపం వెలిగినా, వేడి ముల్లు పైకి లేచినా, చక్రం దగ్గర కాలిన వాసన వచ్చినా నడుపుకుంటూ వెళ్లవద్దు. అక్కడే పక్కకు ఆపి, లాగే బండిని పిలిపించండి.